ఆగొద్దన్న గుమ్మం

అనగనగా రెండు కొండలు. ఆ కొండల మధ్య ఒక అడవి. ఆ అడవిలో, ఏడాది పొడవునా పారే వాగు ఒడ్డున, జంతువులన్నీ కలిసి కట్టుకున్న ఒక ఊరు. ఆ ఊరి పేరు తేనెవాగు.

అడవిలో ఊరేమిటని అడుగుతారేమో. చెబుతాను వినండి. మనకు ఇళ్లున్నట్టే వాటికీ బొరియలూ గూళ్లూ గుహలూ ఉంటాయి కదా. అవి దగ్గరదగ్గరగా ఉండి, ఒకరి మంచిచెడ్డలు ఒకరు చూసుకుంటూ ఉంటే అదే ఊరు.

తేనెవాగులో వాగు దాటాలంటే నూకాలు ఉండేది. నూకాలు ఒక నీటికుక్క. ఎండుకర్రలతో తెప్ప కట్టుకుని, ఎవరు ఒడ్డున నిలబడి కేకేసినా వచ్చి ఎక్కించుకుని అవతల దింపేది. ఒంట్లో బాగా లేకపోతే కొండమేక సూరమ్మ ఉండేది. ఆవిడ గుహ నిండా మందాకులే. పచ్చటి ఆకును ఎదురుగా పెట్టుకుని తినకుండా ఉండటం మేకకు ఎంత కష్టమో మీకు తెలుసు కదా. సూరమ్మ ఆ కష్టం పడేది. ఒక్క మందాకు కూడా ఊరికే నోట్లో వేసుకునేది కాదు.

వానాకాలం మొదలు చలికాలం చివరిదాకా ఎలుగుబంటి భూలోకం ఊరి మధ్య బండ మీద పెద్ద కుండ పెట్టి అంబలి కాచేవాడు. తిండి వెతుక్కోలేని ముసలివాళ్లకూ, పసిబిడ్డల తల్లులకూ ముంతల్లో పోసి ఇళ్లకు పట్టుకెళ్లి ఇచ్చేవాడు. దారిలో రెండు గుక్కలు తనే తాగేస్తాడని కుందేళ్లు చెప్పుకునేవి. అది నిజమే.

వీళ్లందరికంటే చిన్న పని గవరయ్యది. గవరయ్య ఒక ముసలి అడవికోడి. రోజూ పొద్దు పొడవగానే ఊరి దారి వెంట నడిచేవాడు. ప్రతి గుమ్మం ముందూ ఒక్క క్షణం ఆగేవాడు.

"బాగున్నారా?" అని అడిగేవాడు.

లోపలినుంచి "బాగున్నాం మామా" అని వినిపించగానే ముందుకు సాగిపోయేవాడు. అంతే. అదే ఆయన పని. ఇదీ ఒక పనేనా అని మీకు అనిపిస్తుందేమో. కొత్తగా వచ్చినవాళ్లకు అలాగే అనిపించేది.

అలా కొత్తగా వచ్చినవాళ్లలో పైడమ్మ ఒకర్తి. పైడమ్మ ఒక ముళ్లపంది.

ఒక ఎండాకాలం చివర్లో ఆమె తేనెవాగుకు వచ్చింది. ఒంటరిగా వచ్చింది. వీపు మీద ముళ్లు కొన్ని కాలి నల్లబడి ఉన్నాయి. ఆమె ఉండే అడవి తగలబడిపోయిందట. అంతకుమించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

చెప్పనిది ఇంకొకటి ఉంది. అది మీకు చెబుతాను.

పాత అడవిలో ఉన్నప్పుడు ఒక కరువు ఏడాదిలో పైడమ్మకు తినడానికి ఏమీ దొరకలేదు. ఆమె పెద్దమ్మ కొన్ని దుంపలు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ తరువాత పెద్దమ్మ ఆ మాట మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు. నీళ్లకు వెళితే అక్కడ అందరి ముందూ, "మా దుంపలు తిని బతికింది ఇది" అనేది. పెళ్లికి వెళితే అక్కడా అదే మాట. పైడమ్మ ఏదైనా కాదంటే, "తిన్నప్పుడు లేని రోషం ఇప్పుడెక్కడిది?" అనేది. పైడమ్మ తల దించుకుని ఊరుకునేది. తలదించుకునీ తలదించుకునీ విసిగిపోయింది. ఇకమీదట ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకూడదని ఆ రోజుల్లోనే గట్టిగా అనుకుంది.

అందుకే తేనెవాగులో ఇల్లు చూసుకునేటప్పుడు కూడా అందరి మధ్యా చూసుకోలేదు. దారికి పైన, కొండ వాలులో, ఒక పెద్ద రాయి వెనుక బొరియ తవ్వుకుంది. దారిన పోయేవాళ్లకు ఆ బొరియ కనిపించదు. ఆమెకు కావలసింది అదే.

ముందుగా నూకాలు వచ్చింది.

"పైడమ్మా, అవతలి ఒడ్డున దుంపలు బాగా ఊరాయి. రా, తెప్ప మీద దింపుతాను" అంది.

"నాకు ఈత వచ్చు. నీ తెప్ప నాకక్కర్లేదు" అంది పైడమ్మ.

నూకాలు సరేనని వెళ్లిపోయింది. పైడమ్మ ఈదుకుంటూనే అవతలికి వెళ్లింది. మధ్యలో వడికి కొట్టుకుపోబోయి, ఎలాగో ఒడ్డు పట్టుకుంది. ఒగరుస్తూ కూర్చుందే తప్ప ఎవరినీ పిలవలేదు.

వానలు మొదలయ్యాక భూలోకం వచ్చాడు. చేతిలో ముంత, ముంతలో వేడివేడి అంబలి.

"కొత్తగా వచ్చావు కదా, ఇంకా గింజలు పోగుచేసుకుని ఉండవు. తాగు" అన్నాడు.

అంబలి వాసన కమ్మగా ఉంది. పైడమ్మ ముందురోజు నుంచి ఏమీ తినలేదు. అయినా ముఖం పక్కకు తిప్పుకుంది.

"నేనేం ముసలిదాన్ని కాదు. చంటిపిల్లల తల్లినీ కాదు. తీసుకుపో."

భూలోకం ముంత వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. వెళ్లిపోతూ ఆ అంబలి దారిలో తనే తాగేశాడు.

ఇక మిగిలింది గవరయ్య. ఆయన రోజూ కొండ వాలు ఎక్కి, రాయి చుట్టూ తిరిగి వచ్చి, "బాగున్నావా పైడమ్మా?" అని అడిగేవాడు. పైడమ్మ కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒక పొద్దున బయటకు వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, నువ్వు రోజూ ఎందుకు వస్తావు?"

"బాగున్నావో లేదో చూసి పోదామని."

"నేను బాగుంటే నీకేమిటి, లేకపోతే నీకేమిటి? నేను నిన్ను రమ్మని పిలవలేదు. ఇకమీదట నా గుమ్మం ముందు ఆగొద్దు."

గవరయ్య తల ఒకపక్కకు వంచి ఆమెను చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

"అలాగేనమ్మా. ఆగొద్దంటే ఆగను" అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి వాలు ఎక్కడం మానేశాడు.

పైడమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇక తనకు ఎవరితోనూ పని లేదు, తనను ఎవరూ ఒక మాట అనడానికి లేదు అనుకుంది. కానీ, పిల్లలూ, పొద్దున్నే కింద దారిలో "బాగున్నారా?" అని ఆ ముసలి గొంతు వినిపించేది. "బాగున్నాం మామా" అని ఇంటింటినుంచీ బదులు వినిపించేది. పైడమ్మ లేచి, ఒళ్లు దులుపుకుని, ఆ మాటలు ఆగిపోయేదాకా వింటూ కూర్చునేది. ఎందుకు వింటున్నానని మాత్రం తనను తాను ఎప్పుడూ అడగలేదు.

వాన ముదిరింది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు ఒకటే కురుస్తోంది. వాగు ఎర్రగా పొంగింది. కొండ మట్టి నాని మెత్తబడిపోయింది.

ఒక తెల్లవారుజామున పైడమ్మకు నేల కదిలినట్టు అనిపించి మెలకువ వచ్చింది. ఏమిటో చూద్దామని లేచేలోగా పైనుంచి కొండ వాలు జారింది. బురదా రాళ్లూ కలిసి బొరియ ముఖం మూసేశాయి. ఒక రాయి దొర్లుకుంటూ లోపలికి వచ్చి ఆమె వెనుక కాలి మీద పడింది.

పైడమ్మ కాలు లాక్కోబోయింది. రాలేదు. ముందుకాళ్లతో మట్టి తవ్వబోయింది. తవ్విన కొద్దీ పైనుంచి బురద జారుతోంది. ఒకచోట చెట్టు వేళ్ల మధ్య చిన్న సందు మిగిలింది. అందులోంచి కాస్త గాలి వస్తోంది, కాస్త వెలుతురు వస్తోంది. అందులోంచే వాన నీళ్లు కూడా సన్నగా లోపలికి కారుతున్నాయి.

ఆమె అరిచింది. బురద ఆ అరుపును మింగేసింది.

కాసేపటికి ఆ సందులోంచి ఒక గొంతు వినిపించింది. గవరయ్య గొంతు. కింద దారిలో, కుందేలు ఇంటి దగ్గర.

"ఏమ్మా, బాగున్నారా?"

"బాగున్నాం మామా. కప్పు కారుతోంది, అంతే."

"భూలోకానికి చెబుతాలే. పిల్లల్ని పొడి చోట పడుకోబెట్టు."

తరువాత అడుగుల చప్పుడు. బురదలో చప్ చప్‌మంటూ దగ్గరకు వస్తున్నాయి. పైడమ్మ ఉన్న ఓపికంతా కూడగట్టుకుని, "గవరయ్య మామా" అని పిలిచింది. వాన హోరులో ఆ పిలుపు ఆమెకే సరిగా వినిపించలేదు.

రాయి కింద, దారి మలుపులో అడుగులు నెమ్మదించాయి. పైడమ్మ ఊపిరి బిగబట్టింది. అడుగులు మళ్లీ కదిలాయి. ముందుకు వెళ్లిపోయాయి.

ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. ఎలా వస్తుంది? ఆగొద్దన్నది తనే. ఆయన మాట నిలబెట్టుకుంటున్నాడు. రేపు కూడా ఇలాగే వెళ్లిపోతాడు. ఎల్లుండి కూడా. నూకాలు రాదు, భూలోకం రాడు. వాళ్లు రాకుండా ఆమే చేసుకుంది. నీళ్లు ఆమె పొట్ట కిందికి చేరాయి. పైడమ్మ తల నేల మీద ఆనించి కళ్లు మూసుకుంది.

అప్పుడు మళ్లీ అడుగులు వినిపించాయి. ఈసారి కింద దారిలో కాదు. పైన, వాలు మీద. జారుతూ, లేస్తూ, రెక్కలు టపటపలాడిస్తూ ఎవరో ఎక్కి వస్తున్నారు.

"పైడమ్మా" అంది ఆ గొంతు, బాగా దగ్గరగా. "ఆగొద్దన్నావు. అయినా ఆగాను. తిడితే పడతాను. ఒక్కసారి బదులు పలుకు."

పైడమ్మ పలకబోయింది. ఏడుపు అడ్డుపడి గొంతు పెగల్లేదు. మాట రాకపోయేసరికి ఒళ్లు విదిలించింది. వీపు మీది ముళ్లన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. మళ్లీ విదిలించింది. మళ్లీ మళ్లీ విదిలించింది.

"ఉన్నావు తల్లీ. ఉన్నావు" అన్నాడు గవరయ్య.

ఆ తరువాత ఆయన కూత పెట్టాడు. పొద్దెక్కాక ఆ కోడి కూయడం ఊళ్లో ఎవరూ అంతకుముందెప్పుడూ వినలేదు. ఏదో ఆపద వచ్చిందని అందరికీ అర్థమైపోయింది.

ముందుగా భూలోకం పరుగెత్తుకుంటూ వచ్చాడు. రావడం రావడమే రెండు చేతులతో మట్టి తోడటం మొదలుపెట్టాడు. నూకాలు వచ్చి, పైనుంచి కారే నీళ్లు బొరియలోకి పోకుండా పక్కనుంచి చిన్న కాలువ తీసింది. కుందేళ్లు భూలోకం తోడిన మట్టిని దూరంగా నెట్టాయి. సూరమ్మ మందాకులు నోట కరుచుకుని, వానలో తడుస్తూ నిలబడింది.

మట్టి పలచబడి వెలుగు లోపలికి వచ్చింది. ఎలుగుబంటి చెయ్యి లోపలికి వచ్చింది.

"భూలోకం, జాగ్రత్త. నా ముళ్లు గుచ్చుకుంటాయి" అంది పైడమ్మ నీరసంగా.

"గుచ్చుకుంటే సూరమ్మ ఉందిగా" అన్నాడు భూలోకం. కాలి మీది రాయిని పక్కకు దొర్లించి, ఆమెను రెండు చేతులతో ఎత్తి బయటకు తీశాడు.

ముళ్లు గుచ్చుకోనే గుచ్చుకున్నాయి. అరచేతుల నిండా దిగాయి. అతను పళ్లు బిగించుకున్నాడే తప్ప ఆమెను కింద పడెయ్యలేదు. సూరమ్మ గుహ దాకా అలాగే మోసుకెళ్లాడు.

సూరమ్మ పైడమ్మ కాలికి ఆకు పసరు పోసి కట్టు కట్టింది. ఆ తరువాత భూలోకం అరచేతుల్లోంచి ముళ్లు పీకుతూ కూర్చుంది. ఒక్కొక్క ముల్లు పీకినప్పుడల్లా భూలోకం "అబ్బా" అన్నాడు. ఒక్కొక్క "అబ్బా"కూ పైడమ్మ గుండె ముడుచుకుపోయింది.

అయిపోయింది, అనుకుంది. కాసిని దుంపలకే పెద్దమ్మ అన్ని మాటలు అంది. ఇక వీళ్లు ప్రాణమే నిలబెట్టారు. ఈ ఎత్తిపొడుపు నేను బతికున్నంత కాలం పడాలి.

కాలు నయమయ్యే దాకా పైడమ్మ సూరమ్మ గుహలోనే ఉంది. రోజూ భూలోకం ముంతతో అంబలి తెచ్చేవాడు. అతని రెండు చేతులకూ కట్లు. మొదటిరోజు అతను వచ్చి కూర్చోగానే పైడమ్మ అనుకుంది, ఇదిగో ఇప్పుడు అంటాడు అని.

భూలోకం గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజు ఉప్పు కాస్త తగ్గినట్టుంది. చూసి చెప్పు" అన్నాడు.

మర్నాడు వచ్చినప్పుడు వాగు ఎంత పొంగిందో చెప్పాడు. ఆ మర్నాడు కుందేలు పిల్లల అల్లరి చెప్పి తనే పడీపడీ నవ్వాడు. పైడమ్మకు నవ్వు రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆమె ప్రాణం విసిగిపోయింది. చివరికి ఒకరోజు తనే అడిగేసింది.

"భూలోకం, ఎప్పుడంటావు?"

"ఏమని?"

"నిన్ను బయటకు తీసింది నేనేనని. నీ ముళ్ల వల్ల నా చేతులు పాడైపోయాయని. అందరి ముందూ ఎప్పుడంటావు? అనేదేదో త్వరగా అనెయ్యి. ఈ ఎదురుచూపు నావల్ల కాదు."

భూలోకం తెల్లబోయాడు. "అలా ఎందుకంటాను?" అన్నాడు.

అప్పుడు పైడమ్మ చెప్పింది. కరువు సంగతీ, దుంపల సంగతీ, పెద్దమ్మ మాటలూ, పెళ్లిలో తలదించుకుని కూర్చోవడమూ, అన్నీ చెప్పింది. ఎవరికైనా ఆ మాటలు చెప్పడం ఆమెకు అదే మొదలు.

భూలోకం అంతా విన్నాడు. కట్టు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను ఈ ఊరికి వచ్చినప్పుడు ఇంతే ఉన్నాను" అన్నాడు, ముంతంత ఎత్తు చూపిస్తూ. "అమ్మ లేదు. నూకాలు వాళ్లమ్మ నాకు చేపలు పెట్టి పెంచింది. నేను తిన్నన్ని చేపలు ఇంకెవరూ తిని ఉండరు. ఆవిడ పోయే దాకా ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తుతుంటాను. ఇప్పుడు కూడా ఎవరైనా చేపలు పడుతుంటే, 'నూకాలు వాళ్లమ్మ నన్ను ఇలాగే పెంచింది' అని చెబుతాను."

"నీకు చిన్నతనంగా ఉండదా?"

"ఎందుకుంటుంది? వాళ్లు అంటే కష్టంగా ఉంటుంది కానీ, మనంతట మనం తలుచుకుంటే..." భూలోకం మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. "బాగుంటుంది" అన్నాడు చివరికి.

గుహ బయట వాన సన్నగా పడుతోంది. పైడమ్మ ముంత వైపు చూసింది. అది ఖాళీ అయిపోయింది.

"ఇంకొంచెం ఉందా?" అని అడిగింది.

ఆమె ఎవరినైనా ఒకటి అడగడం చాలా ఏళ్ల తరువాత అదే. భూలోకం ముఖం వెలిగిపోయింది. మళ్లీ తేవడానికి పరుగెత్తుకుంటూ వెళ్లాడు. తెచ్చేటప్పుడు దారిలో ఒక్క గుక్క కూడా తాగలేదు.

ఆ సాయంత్రం గవరయ్య వచ్చాడు. పైడమ్మ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మామా, ఒక మాట అడుగుతాను. నేను లోపల ఇరుక్కున్నానని నీకెలా తెలిసింది? దారిలోంచి నీకు నా బొరియ కనిపించదు. నా అరుపు వినిపించలేదు."

గవరయ్య కాస్త మొహమాటపడ్డాడు.

"నువ్వు ఆగొద్దన్నావు, నేను ఆగలేదమ్మా. మలుపు దగ్గరకు వచ్చేసరికి నడక మాత్రం నెమ్మది చేసేవాణ్ణి. పొద్దున్నే నువ్వు లేచి ఒళ్లు దులుపుకుంటావు కదా. ముళ్లు గలగలమంటాయి. అది చెవిన పడగానే పైడమ్మ బాగుంది అనుకుని వెళ్లిపోయేవాణ్ణి."

"రోజూనా?"

"రోజూ. ఆ వేళ ఆ చప్పుడు వినిపించలేదు. వానకు వినిపించలేదేమోలే అని సర్దిచెప్పుకుని ముందుకు పోయాను. మాటిచ్చాను కదా అనుకున్నాను. ఇంకో ఇంటి దాకా వెళ్లాను కూడా. మనసు ఒప్పలేదు. మాట తప్పితే నీకు కోపం వస్తుంది, అంతే కదా, నువ్వు కోప్పడితే నువ్వు బాగున్నట్టే కదా అనుకుని వెనక్కి వచ్చాను."

తను వినకుండా ఉండలేక రోజూ ఆయన గొంతు వింటూ కూర్చున్న సంగతి గుర్తుకొచ్చింది. అదే వేళకు ఆయన కింద నడక నెమ్మది చేసి తన కోసం వింటున్నాడన్నమాట. ఆమె కళ్లనుంచి నీళ్లు జారాయి.

"నువ్వు నన్ను బతికించావు మామా. నీ మేలు మరిచిపోను" అంది.

ఆ మాట అనగానే ఆమెకు తల వంచుకున్నట్టు అనిపించలేదు. ఎన్నాళ్లనుంచో మోస్తున్న బరువు దించినట్టు అనిపించింది.

కాలు నయమయ్యాక పైడమ్మ కొండ మీదికి తిరిగి వెళ్లలేదు. "నాకు దారి పక్కన ఒక బొరియ కావాలి. నాకు తవ్వే బలం ఇంకా రాలేదు. సాయం చేస్తారా?" అని తనే ఇల్లిల్లూ తిరిగి అడిగింది. అందరూ వచ్చారు. తవ్వకం కంటే కబుర్లే ఎక్కువ సాగాయి. అయినా పొద్దు వాలేసరికి బొరియ తయారైంది. ఆ రోజు నుంచి ఆమె వాగు దాటాలంటే నూకాలును పిలిచేది. దిగేటప్పుడు, "నూకాలూ, చల్లగా ఉండు" అని చెప్పి దిగేది. ఏ రోజూ ఆ మాట మరిచిపోలేదు.

వానలు వెనకపట్టాయి. చలి మొదలైంది. పొద్దున్నే దట్టంగా మంచు పట్టేది.

ఆ చలికి గవరయ్యకు దగ్గు పట్టుకుంది. ఒక వారం లాక్కొచ్చాడు. ఆ తరువాత లేవలేకపోయాడు. పడుకుంటే అదే తగ్గిపోతుందిలే అని సూరమ్మను కూడా పంపేశాడు. సూరమ్మ ఊరందరినీ బండ దగ్గరకు పిలిచింది.

"గవరయ్య ఈ చలికాలం తిరగలేడు. ఆయన తిరిగే పని ఎవరు చూస్తారు?" అని అడిగింది.

భూలోకానికి పొద్దున్నే అంబలి పని. నూకాలుకు తెప్ప పని. కుందేళ్లకు మంచులో బయటకు రావాలంటే భయం. పోనీ చలికాలం వెళ్లేదాకా ఆ పని ఆపేద్దామా అని ఒక ముంగిస అడిగింది. "ఏముంది అందులో? బాగున్నారా అంటాడు, బాగున్నాం అంటాం. అంతే కదా" అంది.

పైడమ్మ లేచి నిలబడింది.

"అంతే. ఆ అంతే వల్లనే నేనిక్కడ నిలబడి ఉన్నాను. నేను తిరుగుతాను" అంది.

"నీ కాలు ఇంకా కుంటుతోంది కదమ్మా. ఊరంతా తిరిగేసరికి చాలాసేపు పడుతుంది" అంది సూరమ్మ.

"పట్టనీ. నెమ్మదిగా నడిస్తే బాగా వినిపిస్తుంది" అంది పైడమ్మ.

మర్నాడు పొద్దు పొడవగానే ఆమె బయలుదేరింది. మంచులో దారి కనిపించడం లేదు. కుంటుకుంటూ, ముళ్లు గలగలలాడిస్తూ నడిచింది. ప్రతి గుమ్మం ముందూ ఆగింది.

"బాగున్నారా?" అని అడిగింది. మొదటి ఇల్లు కుందేలుది.

"ఎవరూ, పైడమ్మత్తా? బాగున్నాం అత్తా. చలి కదా, లోపలికి వచ్చి కాసేపు కూర్చోరాదూ" అంది కుందేలు.

ముంగిస గుమ్మం ముందు కూడా ఆగింది. ముంగిస తలుపుచాటునుంచి తొంగి చూసి, "బాగున్నాను" అంది. పైడమ్మ రెండడుగులు వేశాక మళ్లీ, "నువ్వు కూడా బాగున్నావా?" అని వెనకనుంచి అడిగింది.

అలా అన్ని ఇళ్లూ అయిపోయాయి. పైడమ్మ ఇంటి దారి పట్టబోయి ఆగిపోయింది. ఇంకో ఇల్లు ఉంది. గవరయ్య ఇల్లు. ఆయన రోజూ ఆ ఇంటినుంచే బయలుదేరేవాడు. మళ్లీ ఆ ఇంటికే చేరేవాడు. మరి ఆ గుమ్మం ముందు ఎవరు ఆగేవారు? ఎవరూ ఆగేవారు కాదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆమె వెనక్కి తిరిగి, ఊరి మొదట్లో ఉన్న వెదురు పొద దగ్గరకు వెళ్లింది. పొదలో ఎండుటాకుల మధ్య గవరయ్య రెక్కలు ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

"గవరయ్య మామా, బాగున్నావా?" అని అడిగింది పైడమ్మ.

లోపలినుంచి వెంటనే జవాబు రాలేదు. కాసేపటికి బొంగురుగా, "బాగున్నా..." అని వినిపించింది. మాట మధ్యలోనే ఆగిపోయింది.

పైడమ్మ కదలకుండా నిలబడింది.

"బాగా లేదమ్మా" అన్నాడు గవరయ్య నెమ్మదిగా. "గొంతు మండిపోతోంది. ఒళ్లంతా నొప్పులు. నిన్నటినుంచి ఏమీ తినలేదు. ఊరికే అందరినీ కష్టపెట్టడం ఎందుకులే అని చెప్పలేదు."

"నేనూ అలాగే అనుకునేదాన్ని మామా" అంది పైడమ్మ. "ఇప్పుడు చెప్పావుగా. ఇక మేం చూసుకుంటాం."

ఆమె మంచులోకి తిరిగి సూరమ్మను కేకేసింది. భూలోకాన్ని కేకేసింది. వాళ్లు వచ్చేలోగా, ముళ్లు ఆయనకు తగలకుండా ఒళ్లు దగ్గరగా ముడుచుకుని, గాలి కొట్టే వైపు అడ్డంగా కూర్చుంది. ముసలి కోడి ఆ వెచ్చదనానికి కళ్లు మూసుకున్నాడు.

"చల్లగా ఉండు తల్లీ" అన్నాడు.

నీతి: సాయం చేసేవాళ్లతో పాటు, సాయం కావాలని చెప్పగలిగేవాళ్లూ, అందిన సాయాన్ని ఇష్టంగా తలుచుకునేవాళ్లూ ఉన్నప్పుడే నలుగురు కలిసి ఉన్న చోటు ఊరవుతుంది.